పెద్ద డీలర్ దగ్గర ఆర్‌వీ కొనడం, ఆ తర్వాత సర్వీస్ రాబట్టుకోవడం ఎలా

అమెరికాలో ఆర్‌వీ, అంటే లోపలే మంచాలు, వంటగది, బాత్రూమ్ ఉండే ప్రయాణ బండి కొందామని పెద్ద డీలర్‌షిప్‌కి వెళ్తున్నారా? అయితే గేటు దాటగానే బండ్ల వైపు నడవకండి. సర్వీస్ కౌంటర్ ఎక్కడుందో అడిగి, అక్కడికెళ్లి ఓ అరగంట కూర్చోండి. ఎవరూ ఏమీ అనరు. బండి దింపడానికి వచ్చినవాళ్లని, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లని పలకరించండి. బండి ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంది, చెప్పిన పని అయిందా, మధ్యలో ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తారా అని అడగండి. ఆర్‌వీ ఉన్నవాళ్లు ఈ విషయంలో మొహమాటపడరు, అడిగినదానికంటే ఎక్కువే చెబుతారు. సోమవారం పొద్దున వెళ్లగలిగితే ఇంకా మంచిది, శని ఆదివారాల్లో క్యాంపింగ్‌కి వెళ్లి ఏదో ఒకటి పాడుచేసుకున్నవాళ్లంతా ఆ రోజే ఫోన్లు చేస్తారు, వస్తారు.

బండి చూడకముందే ఇదంతా ఎందుకంటే, ఆర్‌వీ కారు లాంటిది కాదు. టొయోటా కారు ఏ ఊళ్లో కొన్నా ఇంకో ఊళ్లో టొయోటా డీలర్ చూస్తాడు, రెండు రోజుల్లో ఇచ్చేస్తాడు. ఆర్‌వీలు ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ అనే ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారవుతాయి, అక్కడ రోబోలు తక్కువ, మనుషుల చేతిపని ఎక్కువ. లోపలి సామాన్లు తలా ఒక కంపెనీవి: ఫ్రిజ్ డొమెటిక్‌ది, యాక్సిల్, గది వెడల్పు పెంచడానికి బయటికి జరిగే స్లయిడ్ లాంటివి లిప్పర్ట్‌వి, వాటర్ హీటర్ సబర్బన్‌ది, మోటార్‌హోమ్ (సొంత ఇంజిన్‌తో నడిచే ఆర్‌వీ) అయితే కింద ఇంజిన్, చాసిస్ ఫోర్డ్‌వో మెర్సిడెస్‌వో. ఇన్ని చేతులు పడిన బండి కొత్తదైనా సరే చిన్నాచితకా లోపాలతోనే వస్తుంది. లోపం ఉంటుందా లేదా అని చర్చ అనవసరం, ఉంటుంది. దాన్ని ఎవరు, ఎన్నాళ్లలో బాగుచేస్తారన్నదే అసలు ప్రశ్న.

బాగుచేయాల్సింది డీలరే. కానీ వారంటీ పనికి డబ్బు ఇచ్చేది తయారీదారు. దానికి ముందుగా అనుమతి తెచ్చుకోవాలి, ఫోటోలు పంపాలి, పార్టు రావాలి, పని అయ్యాక క్లెయిమ్ పెట్టుకోవాలి, వాళ్లు ఒప్పుకున్నన్ని గంటలకే డబ్బు వస్తుంది. అందుకే చాలా చోట్ల వారంటీ పని అంటే సర్వీస్ వాళ్లకి పెద్ద ఉత్సాహం ఉండదు. వేరే డీలర్ దగ్గర కొన్న బండి అయితే ఇక చెప్పక్కర్లేదు, కొందరు మొహం మీదే మేం చూడం అంటారు. సేల్స్, సర్వీస్ ఒకే కప్పు కింద ఉన్న రెండు కాపురాలు. సేల్స్ అబ్బాయి ఇచ్చిన మాట సర్వీస్ అడ్వైజర్‌కి తెలియను కూడా తెలియదు.

కాబట్టి సర్వీస్ కౌంటర్‌లో నేరుగా అడగాల్సినవి అడగండి. ఇవాళ బుక్ చేస్తే అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరుకుతుంది? ఇక్కడ కొన్నవాళ్లకి ముందు వరుస ఉందా, ఉంటే కాగితం మీద రాసిస్తారా? ఆర్‌వీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్లు ఎందరున్నారు? పార్టు కోసం ఎదురుచూసే రోజుల్లో బండి ఇంటికి తీసుకెళ్లనిస్తారా? ఈ చివరి ప్రశ్నకి జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే జాగ్రత్తపడండి, వేసవి మొత్తం మీ బండి వాళ్ల ఆవరణలోనే గడిచే ప్రమాదం ఉంది. క్యాంపింగ్ వరల్డ్ లాంటి పెద్ద గొలుసు సంస్థల్లో దేశమంతా బ్రాంచీలు ఉంటాయి కదా, ఎక్కడ చెడిపోయినా చూపించుకోవచ్చు అనిపిస్తుంది. ఆ మాట నమ్మేముందు మీరు వెళ్లాలనుకుంటున్న రూట్‌లో ఇంకో రాష్ట్రంలోని బ్రాంచికి ఫోన్ చేసి, పక్క రాష్ట్రంలో మీ బ్రాంచిలో కొన్నాను, దారిలో ఫ్రిజ్ ఆగిపోయింది, ఎప్పుడు చూస్తారు అని అడిగి చూడండి. ఒక్కో బ్రాంచి మేనేజర్‌కి ఒక్కో క్యాలెండర్ ఉంటుంది, ఆ ఒక్క ఫోన్‌తో విషయం తెలిసిపోతుంది.

బ్రాండ్ గురించి మరీ బుర్ర పాడుచేసుకోకండి. జేకో, ఎయిర్‌స్ట్రీమ్, కీస్టోన్ మూడూ థోర్ ఇండస్ట్రీస్ కిందివే. ఫారెస్ట్ రివర్ 2005 నుంచి వారెన్ బఫెట్ బెర్క్‌షైర్ హాథవేది. గ్రాండ్ డిజైన్, న్యూమార్ విన్నెబాగో చేతిలో ఉన్నాయి. నాణ్యతలో తేడాలు లేవని కాదు, ఉన్నాయి, కానీ ఒకే మోడల్‌లో రెండు బండ్ల మధ్య తేడా కొన్నిసార్లు రెండు బ్రాండ్ల మధ్య తేడా కంటే ఎక్కువ ఉంటుంది. మీరు కొనబోయే ఆ ఒక్క బండి ఎలా ఉందన్నదే చూసుకోవాలి.

ఏ బండి, ఎంత బరువు

కొనేముందు ఒకసారి అద్దెకి తీసుకోండి. క్రూజ్ అమెరికాలో దొరుకుతాయి, అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్‌లలో మామూలు మనుషులే తమ బండ్లు అద్దెకి ఇస్తారు. ఒక లాంగ్ వీకెండ్ చాలు, మీకు ఏది పడదో తెలిసిపోతుంది.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఎంతమంది పడుకోవచ్చు అన్న లెక్క దగ్గర. బ్రోషర్‌లో ఎనిమిది మంది పడుకోవచ్చని ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, అత్తయ్య మామయ్య కూడా వస్తే అందరం కలిసి ఎల్లోస్టోన్ వెళ్దాం అనుకుంటాం. మోటార్‌హోమ్ నడుస్తున్నప్పుడు కూర్చోవడానికి సీట్‌బెల్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, పడకలకంటే తక్కువే ఉంటాయి చాలా వాటిలో. పక్కకి తిరిగి ఉండే సీట్లలో పిల్లల కార్‌సీటు పెట్టకూడదు. ట్రక్కు వెనక లాగే ట్రావెల్ ట్రైలర్ అయితే నడుస్తున్నప్పుడు లోపల మనుషులు కూర్చోవడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం, అందరూ ముందున్న ట్రక్కులోనే పట్టాలి. ఇక డ్రైవర్ నెత్తిమీద ఉండే మంచం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మ రాత్రి పూట ఆ నిచ్చెన దిగి బాత్రూమ్‌కి వెళ్లగలదా అన్నది షోరూమ్‌లోనే ఎక్కించి దింపించి చూడండి, ఆవిడ లేకపోతే మీరే నిద్రమత్తులో దిగుతున్నట్టు ఊహించుకుని దిగండి.

వంట సంగతి కూడా. 30 ఆంప్ కరెంటు బండి అంటే మీ దగ్గర ఉన్నది మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టి, పక్కన ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెట్టారంటే బ్రేకర్ పడిపోతుంది. గ్యాస్ మీద వండుకుంటే ఆ గొడవ లేదు, కానీ పోపు వేయగానే స్మోక్ అలారం కేకలు పెడుతుంది, అది ఆ చిన్న డబ్బాలో ఎవరి చేతా కాదు ఆపడం. పైన వెంట్ ఫ్యాన్ ఎంత గట్టిగా లాగుతుందో, స్టవ్ మీది పొగ గొట్టం నిజంగా బయటికి వెళ్తుందా లేక లోపలే తిరుగుతుందా అన్నది చూసుకోండి. బయట వండుకునే ఏర్పాటు ఉన్న మోడల్స్ వస్తున్నాయి, మనకి అవే నయం అని నా అభిప్రాయం.

ట్రైలర్ కొంటున్నట్టయితే ఇప్పుడు చెప్పబోయే లెక్క మాత్రం కాగితం తీసుకుని వేయండి. సేల్స్‌మన్ మీ ట్రక్కు పేరు వినగానే ఓ, హాయిగా లాగుతుంది అంటాడు. అతను చెప్పేది ఇంజిన్ లాగగలిగే బరువు. మిమ్మల్ని ఆపేది అది కాదు, పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగలిగే బరువు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు రంగు స్టికర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని. అది 1,500 అనుకుందాం. సామానుతో నిండిన ట్రైలర్ 6,500 పౌండ్లు ఉంటే, అందులో 10 నుంచి 15 శాతం బరువు ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే హిచ్ మీద పడాలి, అంతకంటే తక్కువైతే ట్రైలర్ రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. 13 శాతం చొప్పున 845 పౌండ్లు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిపి ఓ 500. బరువు పంచే హిచ్ సామాను ఇంకో 100. అప్పటికే 1,445. ఇంకా కూలర్ పెట్టలేదు, సైకిళ్లు పెట్టలేదు, నాన్నగారు ఎక్కలేదు. ఫిఫ్త్ వీల్, అంటే ట్రక్కు వెనక తొట్టిలో తగిలించే పెద్ద ట్రైలర్ అయితే ట్రక్కు మీద పడేది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది, కాబట్టి ఇంకా కష్టం.

ట్రైలర్‌కి కూడా తలుపు దగ్గర ఇలాంటి స్టికరే ఉంటుంది, లోపల ఎంత సామాను పెట్టొచ్చో. నీళ్లు ఒక గాలన్ 8.3 పౌండ్లు, 40 గాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు దానికే పోతాయి. బండి చేతికొచ్చాక ఒకసారి హైవే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూయించుకోండి, తక్కువ ఖర్చే.

లైసెన్సు సంగతి మీ రాష్ట్రం డీఎంవీ సైట్‌లో చూసుకోండి. కాలిఫోర్నియాలో 40 అడుగులు దాటిన మోటార్‌హోమ్‌కి, టెక్సాస్‌లో 26,000 పౌండ్లు దాటిన దానికి మామూలు లైసెన్స్ సరిపోదు.

బేరం, కాగితాలు

బండి మీద అతికించిన ధర ఎవరూ ఇవ్వరు, మీరూ ఇవ్వకండి. ట్రైలర్ల మీద ఆ ధరలో 20 నుంచి 30 శాతం దాకా తగ్గించడం ఈ వ్యాపారంలో మామూలు. అదే మోడల్‌కి నాలుగైదు రాష్ట్రాల్లో డీలర్లకి ఈమెయిల్ పెట్టి, అన్ని ఫీజులూ పన్నులూ కలిపి బండి బయటికి తీసుకెళ్లడానికి నేను ఇవ్వాల్సిన మొత్తం ఎంత అని ఒక్క అంకె అడగండి. ఫోన్‌లో మాట్లాడుకుందాం, లేదా షోరూమ్‌కి రండి అన్నవాళ్లని పక్కన పెట్టండి. ధర తగ్గించినట్టు తగ్గించి డాక్ ఫీజు (కాగితాల పనికి), ప్రిప్ ఫీజు, ఫ్రైట్ (రవాణా) అని కిందనుంచి మళ్లీ ఎక్కిస్తారు. డాక్ ఫీజుకి కొన్ని రాష్ట్రాల్లో పరిమితి ఉంది, ఫ్లోరిడా లాంటి చోట లేదు. ప్రిప్ ఫీజు అంటే బండిని మీకు ఇవ్వడానికి సిద్ధం చేసినందుకు, అంటే అమ్మడానికి వాళ్లు చేయాల్సిన పని వాళ్లు చేసినందుకు మీరు ఇచ్చే డబ్బు. దాన్ని కొట్టేయమని గట్టిగా అడగండి.

అయితే దూరంగా చవకగా దొరికిందని తొందరపడకండి, మొదట్లో సర్వీస్ గురించి చెప్పిందంతా అందుకే. వెయ్యి మైళ్ల అవతల 3,000 డాలర్లు మిగిలినా, ఇంటి దగ్గరి డీలర్ వారంటీ పని ముట్టనంటే ఆ మిగిలింది ఎటు పోతుందో మీకే తెలుస్తుంది. ఆ ధర కాగితాలు చూపించి దగ్గరి డీలర్‌తో బేరమాడటానికి వాడుకోండి, అది వాటి అసలు ఉపయోగం.

లోన్ విషయంలో డీలర్ నెలకి ఎంత కట్టగలరు అని మొదలుపెడతాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకండి. 60,000 డాలర్లకి 8.5 శాతం వడ్డీ వేసుకుంటే 15 ఏళ్లకి నెలకి 591 డాలర్ల దాకా పడుతుంది, 20 ఏళ్లకి 521. నెలకి 70 తగ్గిందని సంతోషిస్తాం, మొత్తం మీద 18,000 డాలర్లకి పైగా ఎక్కువ కడతాం. పైగా కొత్త ఆర్‌వీ విలువ మొదటి ఏడాదే గట్టిగా పడిపోతుంది, రెండు మూడేళ్లకి అమ్ముదామంటే బండి ధరకంటే లోన్ బాకీ ఎక్కువ ఉంటుంది. ముందే మీ క్రెడిట్ యూనియన్ నుంచి అప్రూవల్ తెచ్చుకుని వెళ్లండి, డీలర్ దానికంటే తక్కువ వడ్డీ ఇస్తే అప్పుడు చూద్దురుగాని. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: కొందరు లెండర్లు వీసా గడువు తేదీ చూసి లోన్ కాలాన్ని తగ్గిస్తారు లేదా ఇవ్వమంటారు, ఇది షోరూమ్‌లో సంతకాల రోజు తెలుసుకునే విషయం కాదు.

మంచం, వంటగది, టాయిలెట్ మూడూ ఉన్న ఆర్‌వీని పన్నుల లెక్కలో రెండో ఇల్లుగా చూపి లోన్ వడ్డీ తగ్గింపు అడగొచ్చు, కానీ మీరు ఐటమైజ్ చేస్తేనే, అంటే తగ్గింపులు విడివిడిగా చూపిస్తేనే. మనలో చాలామంది స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటాం, అలాంటప్పుడు సేల్స్‌మన్ ఇది చెప్పి ఊరించినా మీకు ఒరిగేదేం లేదు. ఇంకొకటి, మోంటానాలో సేల్స్ టాక్స్ లేదు కాబట్టి అక్కడ ఎల్‌ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టి దాని పేరు మీద బండి కొనేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. బండి నిజంగా ఉండే రాష్ట్రం వాళ్లు దీని మీద కన్నేసి ఉంచారు, పన్ను, పెనాల్టీ కలిపి వసూలు చేసిన సందర్భాలున్నాయి. ఇమిగ్రేషన్ కాగితాలు నడుస్తున్నవాళ్లకి ఈ టెన్షన్ అస్సలు వద్దు.

ఫైనాన్స్ గది అసలు పరీక్ష. అక్కడికి వెళ్లేసరికి పొద్దుటినుంచి తిరిగి పిల్లలు ఏడుస్తుంటారు, ఎప్పుడు బయటపడదామా అని ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఎక్స్‌టెండెడ్ సర్వీస్ కాంట్రాక్టు, టైర్ల ప్లాన్, సోఫా బట్టకి కోటింగ్, రోడ్‌సైడ్ ప్లాన్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నెలకి ఇంతే అని చెబుతారు, మొత్తం ఎంతో చెప్పరు. ఏదీ ఆ రోజే కొనాల్సిన అవసరం లేదు. సర్వీస్ కాంట్రాక్టు కావాలనుకుంటే కాగితం ఇంటికి తెచ్చుకుని, ఏవేవి వర్తించవో రాసిన పేజీ చదవండి, ఫ్యాక్టరీ వారంటీ ముగిసేలోపు బయట కూడా దొరుకుతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే, చాలా కాంట్రాక్టులు రద్దు చేసుకుని మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, ఆ క్లాజు వెతకండి.

మూడు రోజుల్లో మనసు మార్చుకోవచ్చు కదా అని చాలామంది నమ్మకం. ఆ కూలింగ్ ఆఫ్ నిబంధన డీలర్‌షిప్‌కి వెళ్లి కొన్న బండికి వర్తించదు. సంతకం అయ్యిందంటే బండి మీదే.

సంతకానికి ముందు బండి పరీక్ష

దీన్ని పీడీఐ (ప్రీ డెలివరీ ఇన్‌స్పెక్షన్) అంటారు, మొత్తం కథలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మామూలుగా డీలర్ చేసేది ఒక గంట పరిచయం: ఇది లైటు, ఇది స్విచ్, ఇక్కడ సంతకం. మీరు అలా ఒప్పుకోకండి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే పర్చేజ్ ఆర్డర్‌లో రాయించండి, నేను తనిఖీ చేసి తృప్తి పడ్డాకే కొనుగోలు ఖాయం, లేకపోతే అడ్వాన్స్ మొత్తం వెనక్కి అని. ఆ అడ్వాన్స్ క్రెడిట్ కార్డు మీద ఇవ్వండి. తనిఖీకి కనీసం సగం రోజు కావాలని, నీళ్లు, కరెంటు, గ్యాస్ అన్నీ కలిపి ఉంచాలని, ఫ్రిజ్ ముందురోజే ఆన్ చేయాలని ఈమెయిల్‌లో చెప్పండి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటల తరబడి పడుతుంది, మీరు వచ్చాక ఆన్ చేస్తే అది పనిచేస్తుందో లేదో మీరు వెళ్లేలోపు తేలదు.

మీకు నమ్మకం లేకపోతే ఎన్‌ఆర్‌వీఐఏ అనే ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని డబ్బిచ్చి పిలిపించుకోండి. బయటి ఇన్‌స్పెక్టర్‌ని మా ఆవరణలోకి రానివ్వం అనే డీలర్ తారసపడితే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీరే చేసుకుంటే పై నుంచి మొదలుపెట్టండి. ఆర్‌వీని చంపేది నీళ్లు. పైకప్పు మీద ఏసీ చుట్టూ, వెంట్‌ల చుట్టూ, అంచుల వెంబడి సీలెంట్ ఎక్కడైనా పగిలిందా, లేచిందా చూడండి, ఎక్కనివ్వకపోతే నిచ్చెన మీద నిలబడి ఫోన్‌తో వీడియో తీయండి. లోపల అల్మారాలు తెరిచి మూలల్లో చెయ్యి పెట్టి నొక్కండి, మెత్తగా తగిలినా, మచ్చ కనబడినా, ముక్కిన వాసన వచ్చినా అడగండి. బయట గోడలు ఏటవాలుగా వెలుతురు పడేలా చూస్తే ఉబ్బెత్తులు కనబడతాయి.

తర్వాత నీళ్లు. ట్యాంకు నింపి పంపుతో ఒకసారి, బయటి పైపు కలిపి ఇంకోసారి, ప్రతి కుళాయి, షవరు, ఫ్లష్ నడపండి. పంపు ఆన్‌లో ఉంచి కుళాయిలన్నీ కట్టేసి చెవి పెట్టి వినండి, ఎవరూ వాడకపోయినా అది మధ్యమధ్యలో కొట్టుకుంటోందంటే ఎక్కడో కారుతోంది. సింకుల కింద టార్చి వేసి పేపర్ టవల్‌తో తుడిచి చూడండి. వాటర్ హీటర్ గ్యాస్ మీద, కరెంటు మీద విడివిడిగా. ఫర్నేస్ ఎండాకాలమైనా సరే ఆన్ చేయించండి. ఏసీ అరగంట నడవాలి. స్లయిడ్లు లోపలికి, బయటికి రెండేసి సార్లు, ఏ మూలైనా ఒరుసుకుంటోందా చూస్తూ. గొడుగులాంటి ఆ ఆనింగ్, లెవలింగ్ జాక్‌లు, ప్రతి ప్లగ్, ప్రతి కిటికీ గొళ్లెం. గ్యాస్ లీక్ టెస్టు మీ కళ్లముందు చేయమనండి.

టైర్ల పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. కొత్త బండి అని అమ్ముతున్నది రెండేళ్లుగా ఎండలో నిలబడి ఉండొచ్చు. బండి గుర్తింపు సంఖ్య, అదే విన్ నంబర్ తీసుకుని నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ సైట్‌లో వెతికితే పెండింగ్ రీకాల్స్ ఉన్నాయేమో తెలుస్తుంది, ఉంటే బండి ఇచ్చేలోపే చేయించమనండి.

దొరికిన ప్రతిదీ రాయండి. చిన్నవి ఆ రోజే చేయిస్తారు. పెద్దవి ఉంటే, సంతకం పెట్టేయండి సార్, తర్వాత తీసుకొస్తే చేసి పెడతాం అంటారు, చాలా మర్యాదగా అంటారు. మీరూ అంతే మర్యాదగా, అయ్యాకే వస్తాను, అప్పుడే సంతకం అనండి. మీ డబ్బు వాళ్ల చేతికి అందనంతవరకు మీ పని సేల్స్ మేనేజర్ పని, ఆయనే సర్వీస్ వాళ్ల వెంటపడి చేయిస్తాడు. డబ్బు అందిన తర్వాత మీరు సర్వీస్ క్యాలెండర్‌లో ఒక పేరు మాత్రమే. ఏదైనా పార్టు రావాల్సి ఉండి, దానికోసం ఆగలేకపోతే, డీలర్ నాకు ఇది బాకీ ఉన్నాడు అని వస్తువు పేరు, తేదీ, మేనేజర్ సంతకంతో కాగితం రాయించుకోండి.

బండి చేతికొచ్చిన మొదటి రెండు మూడు రాత్రులు డీలర్‌కి దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లోనే గడపండి. అన్నీ వాడండి, స్నానాలు చేయండి, వంట చేయండి. ట్రైలర్ అయితే మొదటి 50 మైళ్ల తర్వాత చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి, ఇది మర్చిపోతే ప్రమాదమే.

సర్వీస్ రాబట్టుకునే పద్ధతి

అందరూ చేసేది ఏంటంటే, ఏదో పాడైంది, బండి తీసుకెళ్లి వదిలేశారు. అది చూడటానికి రెండు వారాలు, అనుమతికి ఇంకో వారం, పార్టుకి నెల, అంతసేపూ బండి అక్కడే ఎండకి ఎండి వానకి తడుస్తుంది. దీన్ని తిరగేయండి. ముందు ఫోటోలు, వీడియో, విన్ నంబర్, పాడైన వస్తువు మీది మోడల్, సీరియల్ నంబర్లతో సర్వీస్ అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టి, వీటితో వారంటీ అనుమతి తీసుకుని పార్టు తెప్పించండి, పార్టు మీ షెల్ఫ్ మీదికి వచ్చాక బండి తెస్తాను అని రాయండి. అన్నింటికీ ఇది కుదరదు, కొన్ని వాళ్లు చూసి తీరాలి, కానీ పగిలిన తలుపు, పనిచేయని ఫ్యాన్, ఊడిన ట్రిమ్ లాంటి వాటికి కుదురుతుంది, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు కూడా. కావాల్సింది అడగడమే.

ఎవరి వారంటీ అన్నది తెలుసుకోండి. మోటార్‌హోమ్ ఇంజిన్, బ్రేకులు అయితే ఆర్‌వీ డీలర్ సాధారణంగా ముట్టుకోడు, ఫోర్డ్ చాసిస్ అయితే పెద్ద వాహనాలు చూసే ఫోర్డ్ డీలర్ దగ్గరికి పోవాలి. ఫ్రిజ్, ఏసీ లాంటి వాటికి వాటి కంపెనీల వారంటీ విడిగా ఉంటుంది, అందుకే సీరియల్ నంబర్లు కొన్న వారంలోనే ఆయా కంపెనీల్లో రిజిస్టర్ చేసుకోండి. చిన్న పనులకి మీ ఇంటికే వచ్చే మొబైల్ ఆర్‌వీ టెక్నీషియన్లు ఉంటారు. డీలర్ నెలల తర్వాత తేదీ ఇస్తే తయారీదారు కస్టమర్ సర్వీస్‌కి ఫోన్ చేసి, మొబైల్ టెక్నీషియన్‌తో చేయిస్తే బిల్లు ఇస్తారా అని అడగండి. ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పిలవండి, తర్వాత అడిగితే ఇవ్వరు.

బండి వదిలేటప్పుడు సామాన్లు తీసేయండి, ఫ్రిజ్ ఖాళీ చేయండి, మురుగు ట్యాంకు ఖాళీ చేయండి, నాలుగు వైపులా పైకప్పుతో సహా వీడియో తీయండి. మా మిత్రుల్లో ఒకాయన బండి ఒక పెద్ద డీలర్ దగ్గర్నుంచి వెనక్కి వచ్చేసరికి ఆనింగ్ మూల వంగిపోయి ఉంది, వీడియో ఉండబట్టి వాళ్లే మార్చి ఇచ్చారు. వర్క్ ఆర్డర్‌లో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే ఉందో లేదో చదవండి. వాన పడితే పై మంచం కుడి మూల తడుస్తోంది అని మీరు చెబితే అడ్వైజర్ లీక్ చెక్ అని రెండు ముక్కలు రాస్తాడు, టెక్నీషియన్‌కి చేరేది ఆ రెండు ముక్కలే. వారంటీలో లేని పని అయితే గంట కూలీ ఎంత, డయాగ్నోసిస్ ఫీజు ఎంత, ఇంత దాటితే నన్ను అడగకుండా చేయొద్దు అన్న మాట, మూడూ అందులో రాయించండి. బండి ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ ఉన్న కాగితం ప్రతిసారీ దాచండి, చిన్న పనైనా సరే.

ఆ కాగితాలే రేపు గొడవ వస్తే పనికొస్తాయి. పదేపదే పాడయ్యే కొత్త బండికి పరిహారం ఇప్పించే లెమన్ లా ఉంది కదా అని అందరూ అంటారు గానీ, అది రాష్ట్రానికో రకం. చాలా చోట్ల లాగే ట్రైలర్లకి వర్తించదు, మోటార్‌హోమ్‌కి కూడా కొన్ని రాష్ట్రాల్లో చాసిస్ భాగానికే. దానికంటే 1975 నాటి మాగ్నసన్ మాస్ అనే ఫెడరల్ వారంటీ చట్టం ఎక్కువ అక్కరకొస్తుంది, గెలిస్తే లాయర్ ఫీజు కూడా అవతలివాళ్ల మీద వేయమని కోర్టుని అడిగే వీలుంది. అక్కడిదాకా వెళ్లేముందు సర్వీస్ మేనేజర్, తర్వాత జనరల్ మేనేజర్, తర్వాత తయారీదారు, తర్వాత మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదు, ఈ వరుసలో ఈమెయిల్స్ పెట్టుకుంటూ వెళ్లండి. ఫోన్‌లో మాట్లాడినా, ఇప్పుడు మనం అనుకున్నది ఇదీ అని ఒక మెయిల్ పెట్టేయండి.

తిరకాసు ఇంకోటి ఉంది, కొనుగోలు కాగితాల్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) క్లాజు ఉంటే డీలర్‌ని సాధారణంగా కోర్టుకి లాగలేరు. అది కూడా సంతకానికి ముందే చదవాల్సిందే.

మీ వంతు పని కూడా ఉంది. పైకప్పు సీలెంట్ మూడు నెలలకోసారి చూసుకోమని చాలా కంపెనీల మాన్యువల్‌లో ఉంటుంది. చూసుకోకుండా నీళ్లు లోపలికి దిగితే, నిర్వహణ లోపం అని వారంటీ క్లెయిమ్ కొట్టేస్తారు. ఫోన్‌లో తేదీతో ఫోటోలు తీసి ఒక ఫోల్డర్‌లో పడేయండి. షికాగో, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్నవాళ్లు మంచు పడకముందే పైపుల్లో నీళ్లు తీసేసి, వాటర్ హీటర్‌ని బైపాస్ చేసి, ఆర్‌వీల కోసం అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాలి. డల్లాస్‌లో మనకెందుకులే అనుకోకండి, 2021 ఫిబ్రవరిలో అక్కడ ఇళ్లలో పైపులే పగిలాయి.

సర్వీస్ తేదీలు కూడా చలికాలంలోనే పట్టుకోవాలి. ఏప్రిల్ దాటాక అందరికీ ఒక్కసారే బండి గుర్తొస్తుంది, మే చివర వచ్చే మెమోరియల్ డే ముందు ఫోన్ చేస్తే జూలై చివర అంటారు. జనవరిలో చేస్తే అడ్వైజర్ తీరిగ్గా మాట్లాడతాడు, పార్టులు రావడానికి సమయం ఉంటుంది, మీ వారంటీ వేసవిలో ముగుస్తున్నట్టయితే మిగిలిపోయిన చిన్నచిన్న ఫిర్యాదులన్నీ ఒకే వర్క్ ఆర్డర్‌లో ఎక్కించి గడువులోపు నమోదు చేయించుకోవచ్చు. నమోదైన తేదీ వారంటీ లోపల ఉంటే పని తర్వాత జరిగినా సాధారణంగా ఒప్పుకుంటారు, ఆ మాట కూడా మెయిల్‌లో అడిగి పెట్టుకోండి.